కుక్కతో కారవాన్‌లో కోస్తా ప్రయాణం: కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా

కుక్కను వెంటబెట్టుకుని సముద్రం పక్కగా కారవాన్‌లో (లోపలే పడక, వంట గట్టు ఉండే బండిలో) తిరగాలనుకునేవారికి తెలుగు నేల మీద 216వ నంబరు జాతీయ రహదారిని మించిన దారి లేదని నా నమ్మకం. కత్తిపూడి దగ్గర 16వ నంబరు రహదారి నుంచి విడిపోయి, పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా దాదాపు 390 కి.మీ. సాగి ఒంగోలు దగ్గర మళ్లీ అదే రహదారిలో కలుస్తుంది. గోదావరి మూడు పాయలను, కృష్ణను వంతెనల మీద దాటిస్తుంది. పెద్ద రహదారి మీద ఉండే లారీల హోరు ఇక్కడ తక్కువ. ప్రతి మజిలీ నుంచీ కాస్త పక్కకు తిరిగితే ఏదో ఒక తీరం దొరుకుతుంది.

ఈ దూరాన్ని కారులో ఒక్క రోజులో దాటేయవచ్చు. కుక్కతో మాత్రం వారం రోజులు కేటాయించండి. కింద చెప్పేదంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: ఈ ప్రయాణానికి గడియారం కుక్కదే. అది చల్లగా ఉండగలిగే వేళల్లోనే బండి కదలాలి, అది నీడలో పడుకోగలిగే చోటే బండి ఆగాలి. మన ఇష్టాలు దాని తర్వాత.

1. ముందు మీ కుక్క ఈ ప్రయాణానికి తగినదో కాదో తేల్చుకోండి

కోస్తా గాలిలో వేడి కంటే ఉక్కపోత ప్రమాదకరం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దాని ప్రధాన చల్లదన సాధనం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ వగర్పు సరిగా పనిచేయదు. అందుకే ముక్కు నొక్కుకుపోయిన పగ్, షిట్జూ, బుల్‌డాగ్ జాతులను, దట్టమైన బొచ్చున్న హస్కీ వంటివాటిని ఈ తీరానికి తీసుకురావద్దనే నా సలహా. జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండ వాటికి ఎక్కువే. లాబ్రడార్లు కాస్త జాగ్రత్తగా చూసుకుంటే తట్టుకుంటాయి. అందరికంటే హాయిగా తిరిగేవి మన దేశవాళీ కుక్కలే. పొట్టి బొచ్చు, పొడవాటి మూతి, సన్నని ఒళ్లు ఈ వాతావరణానికి తగినట్టే ఉంటాయి.

ఆరు నెలలు నిండని కుక్కపిల్లలను, గుండె జబ్బున్నవాటిని, ఎదకు వచ్చిన ఆడకుక్కలను ఇంటి దగ్గర ఎవరికైనా అప్పగించి వెళ్లడం మంచిది. ఎదలో ఉన్న కుక్కతో ఊళ్లో బండి ఆపితే ఆ రాత్రి వీధికుక్కలన్నీ బండి చుట్టూనే ఉంటాయి.

2. కాలం ఎంచుకోండి

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. డిసెంబరు మొదట్లోనూ ఒకటి రెండు రావచ్చు. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న అన్న సంగతి ఆ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు, ప్రయాణికులూ మరచిపోకూడదు. మార్చి దాటితే వేడి కుక్కకు పనికిరాదు.

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ, భీమవరం వైపు వెళ్లకండి. పండుగ అందమైనదే. కానీ కోడిపందేల బరులు, జనం, మైకుల మోత, ప్రతి తోటలోనూ వదులుగా తిరిగే కోళ్లు కుక్కకు నరకం. అంతర్వేదిలో మాఘ మాసం భీష్మ ఏకాదశి చుట్టూ వచ్చే కల్యాణోత్సవ రోజులూ అంతే. దీపావళి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బయలుదేరాక వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూసుకోండి. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు స్థానిక వార్తల్లో వస్తాయి. ఒకటో నంబరు వస్తే కన్నేసి ఉంచండి. మూడో నంబరు ఎగరేస్తే తీరం వదిలి 16వ నంబరు రహదారి వైపు లోపలికి వెళ్లిపోండి. ఎత్తయిన కారవాన్ పక్కగాలికి సులువుగా ఊగుతుంది, ఈ దారిలో వంతెనలు చాలా ఉన్నాయి.

3. పశువైద్యుడి దగ్గర పనులు నెల ముందే ముగించండి

రేబిస్ టీకాతో పాటు డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ కలిసి ఉండే టీకా కాలపరిమితిలో ఉందో లేదో చూడండి. డెల్టాలో లెప్టోస్పైరోసిస్ మాటను తేలికగా తీసుకోవద్దు. అది ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి సోకుతుంది. వరిచేలు, కాలువలు, నిలవ నీళ్లు ఈ దారి పొడవునా ఉంటాయి. టీకా వేసిన రోజే రక్షణ రాదు, అందుకే నెల ముందు.

పిడుదులకు మందు తప్పనిసరి. వాటి కాటు వల్ల వచ్చే ఎర్లికియా, బబీసియా జ్వరాలు మన దగ్గర కుక్కలను ఎక్కువగా చంపే జబ్బుల్లో ఉన్నాయి. నమిలే మాత్రలో, మెడ వెనక వేసే చుక్కలో, ఏది సరైనదో వైద్యుణ్ణే నిర్ణయించనివ్వండి. దోమల వల్ల వచ్చే గుండె పురుగుకు కూడా నివారణ మందు అడగండి.

బండిలో వాంతులు చేసుకునే కుక్క అయితే ఆ సంగతి అప్పుడే చెప్పండి, దానికి మంచి మందులున్నాయి. టీకాల పుస్తకం అసలు ప్రతి బండిలో, ఫొటో ఫోనులో ఉంచుకోండి. మెడపట్టీకి రెండు ఫోన్ నంబర్లు చెక్కిన రేకు బిళ్ల తగిలించండి. వీలైతే చర్మం కింద మైక్రోచిప్ వేయించండి.

4. బండిని కుక్క కళ్లతో చూడండి

అద్దెకు తీసుకుంటున్నట్టయితే మొదటి ఫోన్‌లోనే కుక్క ఉందని చెప్పండి. దాచిపెట్టి తీసుకెళ్తే తిరిగిచ్చేటప్పుడు వెంట్రుకల గొడవ తప్పదు. వేరే రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండి అయితే ఆంధ్రప్రదేశ్ పర్మిట్, పన్ను ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి. దారిలో యానాం పుదుచ్చేరి పాలనలోది, దాని సంగతీ అడగండి. సొంత వ్యానును కారవాన్‌గా మార్పించాలనుకుంటే రవాణా శాఖ అనుమతి లేకుండా మార్పులు చేయించకండి, బీమా చెల్లకుండా పోతుంది.

ఇక లోపల. కారవాన్ అంటే ఏసీ ఉంటుంది కదా, కుక్కను అందులో వదిలి గుడికో హోటల్‌కో వెళ్లి రావచ్చని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండే విద్యుత్తు 2.4 యూనిట్లు. ఒక టన్ను ఏసీ ఏకధాటిగా నడిస్తే గంటకు ఒక యూనిట్ దాకా తాగుతుంది. అంటే బ్యాటరీ నిండుగా ఉన్నా రెండు, రెండున్నర గంటలు మించదు. మధ్యలో ఇన్వర్టర్ వేడెక్కి ఆగిపోతే మీకు తెలియదు. బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన వాహనంలో అరగంటలోనే 45 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి కుక్కను బండిలో ఒంటరిగా వదలకూడదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి దర్శించుకోవాలంటే ఒకరు కుక్కతో నీడలో ఉండాలి, తర్వాత మరొకరు వెళ్లాలి. ఈ ఒక్క కారణానికే ఈ ప్రయాణం ఒంటరిగా చేయవద్దంటాను.

ఏసీ కంటే నమ్మదగినది ఫ్యాన్. తక్కువ విద్యుత్తుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎనిమిది గంటలు తిరిగినా పావు యూనిట్ దాటదు. ఎదురెదురు కిటికీలకు దోమతెరలు, పైకప్పులో వేడిగాలి లాగే చిన్న ఫ్యాన్, ఎండ పడే వైపు కట్టుకునే గుడారపు గుడ్డ ఉంటే జనవరి రాత్రుల్లో ఏసీ అవసరమే రాదు.

బండి కదులుతున్నప్పుడు కుక్క వెనక గదిలో ఇష్టం వచ్చినట్టు తిరగకూడదు. గట్టి బ్రేకు వేస్తే పాతిక కిలోల కుక్క ఎగిరి వంట గట్టుకు కొట్టుకుంటుంది. ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్‌ను సీటు బెల్టుకు తగిలించండి, లేదా నేలకు బిగించిన పంజరంలో పడుకోబెట్టండి. మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టవద్దు, కుదుపుకి మెడ విరుగుతుంది. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు బండి కదిలే ముందు ఆపేయండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం తలుపు తీసే క్షణం. కారవాన్ తలుపు పక్కకు జరగగానే కుక్క దూకితే అది దిగేది రహదారి మీద. అందుకే ఇంట్లో ఉన్నప్పుడే ఒక అలవాటు చేయండి: తలుపు తెరిచినా "ఆగు" అంటే ఆగాలి, పేరు పెట్టి పిలిచి "రా" అంటేనే దిగాలి. తాడు తగిలించాకే తలుపు మీద చేయి వేయాలి. రెండు వారాలు సాధన చేయిస్తే చాలా కుక్కలు నేర్చుకుంటాయి. బయలుదేరే ముందు మీ వీధిలోనే బండి ఆపి, కుక్కతో సహా ఒక రాత్రి అందులో పడుకోండి. దోమతెర ఎక్కడ చిరిగింది, కుక్క ఏ మూల ఇష్టపడుతుంది, రాత్రి దేనికి మొరుగుతుంది, అన్నీ ఆ రాత్రే తెలుస్తాయి.

5. సామాను

మన సామాను ఎవరికి తోచినట్టు వారు సర్దుకుంటారు. కుక్క కోసం మాత్రం ఇవి ఉండాలి:

- రోజూ తినే తిండి, ప్రయాణపు రోజులకు మరో మూడు రోజులు అదనంగా. దారిలో కొత్త తిండి మొదలుపెట్టవద్దు.
- రెండు మీటర్ల మామూలు తాడు, పది మీటర్ల పొడవాటి తాడు. నొక్కితే చుట్టుకునే రకం వద్దు, ఇసుక పట్టి అది ఆగిపోతుంది.
- లేత రంగు తేలే జాకెట్, వీపు మీద పిడి ఉన్నది.
- డిజిటల్ థర్మామీటరు, పట్టకారు, గాజుగుడ్డ, బెటాడిన్, అతుక్కునే కట్టు పట్టీ, వైద్యుడు రాసిచ్చిన విరేచనాల మందు, ఎలర్జీ మందు.
- దానికి అలవాటైన పాత దుప్పటి, ఉతక్కుండా. కొత్త చోట నిద్రపట్టించేది ఆ వాసనే.

మనుషుల పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు విషం. మనకు జ్వరమొస్తే వేసుకునే మాత్ర కదా అని ఎప్పుడూ వేయకండి. కాకినాడ కాజా, బందరు లడ్డు మీరు తినండి, దానికి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు.

నీళ్ల లెక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు. పాతిక కిలోల కుక్కకు లీటరున్నర, తిరిగిన రోజు అంతకు రెట్టింపు. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, అవి తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఊళ్లలో నీళ్ల ప్లాంటు దగ్గర 20 లీటర్ల క్యాను నింపుకుని, మీరు తాగే నీళ్లే దానికీ పోయండి.

6. దారి, మజిలీలు

రోజుకు 100 కి.మీ. మించవద్దు. తెల్లవారుజామున కుక్కను తిప్పి, ఆరింటికి బయలుదేరి, తొమ్మిదిన్నరకల్లా మజిలీ చేరుకోవాలి. పగలంతా నీడలో. సాయంత్రం నాలుగున్నర తర్వాత తీరం. తిండి బయలుదేరే ముందు పెట్టకండి, చేరాక పెట్టండి.

కత్తిపూడి నుంచి కాకినాడ దాకా దారి తేలిక. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం పక్కనే రోడ్డు ఉంది. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ అలల కోతకు తరచూ దెబ్బతినే రోడ్డు అది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల్లో కారవాన్‌ను అటు తిప్పకండి. మిగతా రోజుల్లో కూడా ముందు ఊళ్లో అడిగి వెళ్లండి. కోరింగ మడ అడవులు అభయారణ్యం. కుక్కతో అక్కడికి వెళ్లకూడదు, అది న్యాయం కూడా. అక్కడి నీటిపిల్లులకు, పక్షులకు మన కుక్క మోసుకొచ్చే జబ్బులు ప్రాణాంతకం కావచ్చు.

రెండో అంచెలో యానాం వస్తుంది. ఇంధనం ధర ఆంధ్ర కంటే తక్కువ, ట్యాంకు ఇక్కడ నింపుకోండి. యానాం–ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటితే కోనసీమ. అమలాపురం దాటాక బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీద వైనతేయ, తర్వాత దిండి దగ్గర వశిష్ఠ. నా దృష్టిలో ఈ ప్రయాణం మొత్తానికి కుక్కకు అత్యంత సుఖమైన చోటు దిండి పరిసరాలే. కొబ్బరి తోటల నీడ, నది గాలి, కాళ్లకు మెత్తటి నేల. ఇక్కడ రెండు రాత్రులు ఉండండి. తోటలో బండి పెట్టుకోవాలంటే యజమానిని అడగాలి. కుక్క కట్టేసే ఉంటుందని, చెత్త వదలమని ముందే చెప్పండి. రోజు కింద కొంత సొమ్ము ఇస్తామని మీరే అనండి. బండిని మాత్రం కాయలున్న చెట్టు కింద పెట్టకండి, కుక్కనూ అక్కడ కట్టకండి. రాలే కొబ్బరికాయ, విరిగిపడే మట్ట ప్రాణాల మీదికి తెస్తాయి.

దిండి నుంచి ఉదయాన్నే అంతర్వేది వెళ్లి రావచ్చు. సఖినేటిపల్లి దగ్గర నరసాపురం రేవుకు పంటు (బండ్లను దాటించే పెద్ద పడవ) మీద దాటడం ఒక ముచ్చట. కానీ ఎత్తయిన, బరువైన కారవాన్‌కు, ఇంజన్ల శబ్దానికి బెదిరే కుక్కకు అది తగదు. దిండి–చించినాడ వంతెన మీదుగానే నరసాపురం వైపు వెళ్లండి.

మొగల్తూరు దగ్గర పేరుపాలెం తీరం విశాలమైనది, అలలు మాత్రం గట్టివి. కార్తీక మాసంలో, ఆదివారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు. మామూలు రోజున పొద్దున్నే వెళ్లి తడి ఇసుక మీద నడిపించండి, నీళ్లలోకి దించకండి. అక్కడి నుంచి మచిలీపట్నం దాకా దారికి ఇరుపక్కలా చేపల, రొయ్యల చెరువులే. కుక్కను ఆ గట్ల మీదికి వదలవద్దు. రొయ్యకు తెల్లమచ్చ వైరస్ మోసుకొస్తాయన్న భయంతో రైతులు పీతలను, పక్షులను, కుక్కలను చెరువు దరికి రానివ్వరు. లక్షల రూపాయల పంట అది, వారి భయం న్యాయమైనది.

మచిలీపట్నానికి దగ్గర్లోని మంగినపూడి తీరం నల్లమట్టి తీరం. లోతు తక్కువ, చాలా దూరం మోకాటి లోతే. ఈతకు కొత్త కుక్కకు నీళ్లు పరిచయం చేయాలంటే ఈ దారిలో ఇదే సరైన చోటు. బయటికొచ్చాక బురద కడగడానికి పది లీటర్ల మంచినీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

తర్వాత చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణను దాటితే రేపల్లె, ఆపైన బాపట్ల. సూర్యలంకలో శని, ఆదివారాలు హైదరాబాద్, గుంటూరు, విజయవాడ జనంతో నిండిపోతాయి. మంగళ, బుధవారాల్లో చేరేలా లెక్క వేసుకోండి. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం తీరాల వెంట సరుగుడు తోటలున్నాయి. సరుగుడు నీడ పలచన, గాలి ఎక్కువ, కింద రాలిన ఆకు పరుపులా ఉంటుంది. పగటి మజిలీకి బాగుంటుంది కానీ అక్కడ పొయ్యి వెలిగించకండి, ఆ ఆకు ఇట్టే అంటుకుంటుంది. చీరాల నుంచి ఒంగోలు గంటన్నర లోపు దారి.

ఈ రహదారి మీద రెండు సంగతులు గుర్తుంచుకోండి. కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, చీకట్లో నడిపితే కుప్పల మీదికి ఎక్కిస్తారు. రెండోది ఎత్తు. పైన ఏసీ పెట్టెతో కలిపి కారవాన్ మూడు మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఊళ్లలో వేలాడే కరెంటు తీగలు, రైలు కట్ట కింది దారులు చూసుకోండి. మీ బండి ఎత్తు రాసి స్టీరింగ్ దగ్గర అతికించుకోండి. కాలువ గట్ల మీది సన్నటి రోడ్లలోకి ఫోను మ్యాపు పంపినా వెళ్లకండి. ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి నడపడానికి కిలోమీటరు పడుతుంది.

7. తీరం మీద

బండిని ఇసుకలోకి దించవద్దు. చక్రాలు కూరుకుపోతే పోటు మీ కోసం ఆగదు. తారు రోడ్డు అంచునే ఆపి నడిచి వెళ్లండి. ఇసుక మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే అది కుక్క పాదాలకూ కాలుతుంది.

దిగగానే ముందు మంచినీళ్లు పట్టండి. దాహంతో ఉన్న కుక్క ఉప్పునీళ్లు తాగుతుంది. కొంచెం తాగితే వాంతులు, విరేచనాలు. ఎక్కువ తాగితే వణుకు, తూలడం, ఫిట్స్ దాకా వెళుతుంది. బంతి విసిరి నీళ్లలోంచి తెప్పించే ఆటలో బంతితో పాటు నీళ్లూ మింగుతుంది కాబట్టి పావుగంటకు ఒకసారి ఆట ఆపి మంచినీళ్లు పట్టాలి.

తీరం మీద కుక్క నోరు పెట్టే ప్రతిదీ అనుమానించండి. వలల్లోంచి పారేసిన ఉబ్బుడు చేపల్లో (పఫర్ ఫిష్) ప్రాణం తీసే విషం ఉంటుంది, చచ్చి ఎండినా ఆ విషం పోదు. అలివి వల లాగిన చోట సముద్రపు పాములు ఇసుకలో పడి ఉంటాయి, అవి బతికి ఉంటే వాటి కాటు నాగుపాము కాటుకు తీసిపోదు. ఒడ్డున పడిన జెల్లీ చేపలు, గేలపు కొక్కేలు, నైలాన్ వల ముక్కలు సరేసరి. ఇసుక దిబ్బల మీద గాలికి దొర్లే రావణాసురుడి మీసాల ముళ్లు, పల్లేరు కాయలు పాదాల మధ్య గుచ్చుకుంటాయి. కుంటితే ముందు అక్కడ చూడండి.

వాడరేవు, సూర్యలంక తీరాల్లో లోపలికి లాగే ప్రవాహాలు మనుషుల ప్రాణాలు తీసుకున్నాయి. కుక్కకు తేలే జాకెట్ వేసి, పొడవాటి తాడు చేతికి చుట్టుకోకుండా పట్టుకుని, దాని పొట్ట తడిసే లోతు దాకానే పంపండి. అది కొట్టుకుపోతే వెంట దూకకండి. ఒడ్డున జాలర్లను కేకేయండి, ఆ నీళ్లు వారికి తెలుసు.

ఆ జాలర్ల పల్లెలోకి కుక్కతో వెళ్లేటప్పుడు పొట్టి తాడుతోనే వెళ్లండి. ఇసుక మీద ఆరబెట్టిన చేపలు ఆడవాళ్ల రోజుల కష్టం. కుక్క ఒక్కసారి కాలెత్తినా, మూతి పెట్టినా ఆ సరుకు పోయినట్టే. పొరపాటున జరిగితే వాదించకుండా ధర కట్టివ్వండి. తీరం మీద కుక్క వేసిన మలం సంచిలో ఎత్తి వెంట తీసుకెళ్లండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకే వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్లు పొదిగి పిల్లలు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. వాటి గూళ్లను తవ్వి తినేవాటిలో కుక్కలే ముందుంటాయి. మన ప్రయాణ కాలమూ అదే కావడం వల్ల మన మీద బరువు ఎక్కువ. చీకటి పడ్డాక తెల్లవారే దాకా కుక్కను తీరానికి తీసుకెళ్లవద్దు. పగలు కూడా అల తడిపిన ఇసుక మీదే నడిపించండి, పైన పొడి ఇసుకలో తవ్వనివ్వకండి. సముద్రం వైపు బండి లైట్లు వేయకండి, పిల్ల తాబేళ్లు వెలుగు చూసి దారి తప్పుతాయి.

తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి, చెవులు తుడిచి ఆరబెట్టాలి. ఉప్పు ఆరిన చర్మం దురద పెడుతుంది, తడి చెవుల్లో చీము పడుతుంది. తర్వాత దీపం వెలుతురులో పిడుదుల వేట: చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద, తోక మొదట్లో. ఇది రోజూ చేయాలి.

8. రాత్రి మజిలీ

పర్యాటక శాఖ, ప్రైవేటు రిసార్టుల ఆవరణలు, పెద్ద పెట్రోలు బంకులు, యజమాని అనుమతితో తోటలు, ఈ మూడే ఆలోచించండి. రిసార్టుకు ముందు రోజు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: కుక్కను ఆవరణలోకి రానిస్తారా, 16 ఆంపియర్ల ప్లగ్ దొరుకుతుందా.

ప్లగ్ దొరికాక వెంటనే పెట్టేయకండి. చాలాచోట్ల ఎర్తింగ్ సరిగా ఉండదు. బండి ఇనుప ఒంటికి కరెంటు లీకైతే చెప్పులేసుకున్న మనకు తెలియకపోవచ్చు, తడి కాళ్లతో మెట్టెక్కే కుక్కకు షాకు కొడుతుంది. సాకెట్ పరీక్షించే చిన్న పరికరం కొనుక్కోండి. లీకేజీ వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ బండిలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఉన్నట్టుండి కుక్క బండి ఎక్కనని మొరాయిస్తే, మారాం చేస్తోందని లాగకండి. ముందు ప్లగ్ పీకి, తర్వాత చూడండి.

వీధికుక్కలకు బండి దగ్గర తిండి వేయవద్దు. జాలిపడి ఒక్క ముద్ద వేస్తే అవి బండి కిందే పడుకుని, మీ కుక్క దిగగానే మీదపడతాయి. పెట్టాలనిపిస్తే ఉదయం వెళ్లేటప్పుడు పెట్టి వెళ్లండి. అవి మీ కుక్కను కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, టీకాలు వేసి ఉన్నా సరే వైద్యుడి దగ్గర మళ్లీ సూదులు వేయించాలి. చీకట్లో వరిచేల గట్ల మీద తిప్పకండి, రక్తపింజరి, కట్లపాము తిరిగే వేళ అది.

టాయిలెట్ పెట్టె, వాడిన నీళ్లు కాలువల్లో పోయడం పాపం. డెల్టా పల్లెల్లో తాగునీటి చెరువులు నిండేది ఆ కాలువల నుంచే. బంకులోనో రిసార్టులోనో మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయండి.

9. ఒంట్లో బాగోకపోతే

వడదెబ్బ గుర్తులు ఇవి: ఆగని వగర్పు, చిక్కటి చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్లు, తూలడం, వాంతి. కుక్కకు మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. నీడలోకి చేర్చి, పొట్ట, చంకలు, తొడల మధ్య మామూలు చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు ఒంటి మీద కప్పి ఉంచవద్దు, వేడి బయటికి పోనివ్వదు. 103 కి దిగగానే నీళ్లు ఆపి ఆస్పత్రికి బయలుదేరండి. పైకి తేరుకున్నట్టు కనిపించినా లోపల మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు.

మండల కేంద్రాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. 1962 కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనాల సేవ అందుతుంది. అవి ప్రధానంగా పాడిపశువుల కోసమే, అయినా ఆపదలో దగ్గర్లో ఎవరున్నారో అడగడానికి అదే మొదటి నంబరు. పెద్ద చికిత్సకు మచిలీపట్నం వైపు ఉంటే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రిని గుర్తుపెట్టుకోండి. ప్రతి మజిలీ చేరగానే దగ్గర్లోని పెంపుడు జంతువుల వైద్యుడి నంబరు, పనివేళలు రాసుకోవడం అలవాటు చేసుకోండి. రహదారి మీద బండికి ఏదైనా జరిగితే 1033, సముద్రంలో ఆపదకు కోస్టుగార్డు 1554, మిగతా వాటికి 112.

10. ఇంటికి చేరాక

మర్నాడే బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడిగించండి. ఉప్పు గాలి తగిలిన బోల్టులు, తలుపు జరిగే పట్టాలు, బ్రేకు పైపులు వారాల్లోనే తుప్పు పడతాయి. పట్టాల్లోని ఇసుకను తడి చేయకుండా ముందు బ్రష్‌తో దులపండి.

కుక్కను మాత్రం మూడు వారాలు గమనిస్తూ ఉండాలి. పిడుదు జ్వరం కాటు తర్వాత ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది. తిండి తగ్గడం, మందకొడిగా పడుకోవడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం రంగు మారడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఎక్కడెక్కడ తిరిగారో, ఏ నీళ్లలో దిగిందో వైద్యుడికి చెప్పండి. ఏ పరీక్ష ముందు చేయాలో ఆ వివరాలను బట్టే ఆయన నిర్ణయిస్తారు.